షెడ్డు ఉరవకుండా గోడపట్టీ: రేకులు, గోడ కలిసేచోట తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కొన్నేళ్ల కిందట జూన్ నెలాఖరులో బోధన్ దగ్గరి ఊరి నుంచి ఒక రైతు ఫోన్ చేసి, "సార్, సోయా సగం చేన్ల మొలుస్తలేదు, ఒకసారి వచ్చి చూడండి" అన్నారు. వెళ్లి చూస్తే అదను తప్పలేదు, విత్తిన లోతు సరిగ్గానే ఉంది, పదును కూడా ఉంది. ఇంటి విత్తనమే, అంతా ఒకే కుప్ప నుంచి తీసింది. సగం చేనులో మొలక బాగుంది, మిగతా సగంలో పది గింజలకు నాలుగు కూడా రాలేదు.

ఇంటికి వెళ్లి విత్తనం దాచిన షెడ్డు చూశాను. ఇంటి పడమటి గోడకు ఆనించి వేసిన రేకుల షెడ్డు అది. గోడ మీద పైనుంచి కిందికి నీటి చారలు, వాటి కింద సున్నం పొక్కులు. ఏప్రిల్, మే నెలల్లో పడిన అకాల వానలకు గోడ వెంట పెట్టిన వరుస బస్తాలు అడుగున తడిసి, మళ్లీ ఎండకు వేడెక్కి, పైకి పొడిగానే కనిపించాయి. విత్తేటప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. "రేకుల మీద రెండుసార్లు తారు పూయించిన సార్, ఒక్క బొక్క లేదు" అన్నారాయన. నిజమే, రేకుల్లో ఎక్కడా బొక్క లేదు. నీళ్లు వచ్చింది రేకులోంచి కాదు, రేకు పైకొస గోడను తాకే సందులోంచి.

ఆ సందును మూసే రేకు పట్టీని షాపుల్లో ఫ్లాషింగ్ అంటారు. మనం దాన్ని గోడపట్టీ అనుకుందాం. నేను ఇంజనీరును కాను, వ్యవసాయ అధికారిని. కానీ తడిసిన విత్తనం, బూజు పట్టిన పసుపు, గడ్డకట్టిన యూరియా చూసి వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే చాలాసార్లు ఈ సందు దగ్గరే తేలాను. అందుకే ఈ వ్యాసం.

మన దగ్గరే ఈ సమస్య ఎందుకు ఎక్కువ

బోధన్ చుట్టుపక్కల ఒకప్పుడు చెరకే పంట. 1937లో మొదలైన నిజాం చక్కెర కర్మాగారం నడిచినన్నాళ్లూ రైతుకు నిల్వ గోదాముతో పెద్దగా పని పడలేదు. చెరకును ఇంట్లో దాచరు. కోసిన తర్వాత 24 గంటల్లో గానుగకు వెళ్లాలి, ఆలస్యమైతే బరువూ పోతుంది, చక్కెర శాతమూ పోతుంది. కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. అంతకు ముందు నుంచే చెరకు తగ్గుతూ, ఆ భూముల్లోకి వరి, సోయా, మొక్కజొన్న వచ్చాయి. అటు ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్ వైపు పసుపు ఎప్పటి నుంచో ఉంది. ఇవన్నీ ఇంట్లో నిల్వ ఉండే పంటలు. పసుపు అయితే జనవరి నుంచి మార్చి దాకా తవ్వి, ఉడికించి, ఆరబెట్టి, ధర కోసం వానాకాలం దాటేదాకా ఉంచే రైతులు చాలామంది.

నిల్వకు చోటు కావాలంటే కొత్తగా గోదాము కట్టేంత డబ్బు అందరి దగ్గరా ఉండదు. ఉన్న ఇంటి గోడకు నాలుగు పైపులు నిలబెట్టి, అడ్డ పైపులు వేసి, రేకులు పరిచేస్తాం. తక్కువ ఖర్చులో మంచి పనే. కానీ ఇలా గోడకు ఆనించి వేసిన ప్రతి షెడ్డులోనూ పాత గోడ, కొత్త కప్పు కలిసే ఒక పొడవాటి సందు పుడుతుంది. ఆ సందును ఏం చేయాలో చాలాసార్లు ఎవరూ ఆలోచించరు. రేకులు వేసే వెల్డింగ్ మేస్త్రి అది తాపీ మేస్త్రి పని అనుకుంటారు. తాపీ మేస్త్రి వచ్చి రెండు తట్టల సిమెంటు పూసి వెళ్తారు.

సిమెంటు పూత ఎందుకు నిలవదు

ఇది అర్థమైతే మిగతా పని అంతా అర్థమవుతుంది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో "సందులో సిమెంటు కొట్టించండి" అనే చెప్పేవాణ్ణి.

ఇనుప రేకు ఎండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నం రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, తెల్లవారుజామున చల్లబడుతుంది. ఈ తేడా 40 డిగ్రీలు అనుకుంటే 20 అడుగుల ఇనుప రేకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. వినడానికి చిన్న లెక్కే. కానీ గోడ కదలదు, రేకు కదులుతుంది, మధ్యలో ఉన్న సిమెంటు రెండింటినీ పట్టుకోవాలని చూస్తుంది. రోజుకోసారి చొప్పున నెల రోజులు ఇలా లాగితే వెంట్రుక మందం పగులు వస్తుంది. ఆ పగులు కింద నిలబడి చూస్తే కనిపించదు, నీటికి మాత్రం దారి దొరుకుతుంది. పైగా సన్నటి పగులు నీటిని తనలోకి లాగుకుంటుంది. దీపం ఒత్తి నూనెను లాగినట్టు.

తారు, సిలికాన్ గమ్ కొంత సాగుతాయి కాబట్టి సిమెంటు కంటే నయం. అయినా మన ఎండకు తారు కొన్నాళ్లకే పెళుసు బారి పెచ్చులు లేస్తుంది. దుమ్ము మీద పూసిన గమ్ ఒక్క వానాకాలం కూడా ఆగదు.

రెండో కారణం గాలి. నైరుతి వానలు మన దగ్గర ఎక్కువగా పడమటి గాలితో వస్తాయి. షెడ్డు ఇంటికి పడమటి వైపున ఉంటే రేకుల వాలు కూడా పడమటికే ఉంటుంది. వాన గట్టిగా కొట్టినప్పుడు రేకు మీద కిందికి పారాల్సిన నీటిని గాలి వెనక్కి, పైకి, గోడ వైపుకు నెడుతుంది. మామూలు జల్లుకు ఉరవని షెడ్డు గాలివానకు ఉరవడానికి కారణం ఇదే. "ఒక్కో వానకే ఉరుస్తది సార్, అన్ని వానలకూ కాదు" అని రైతులు చెప్పినప్పుడు నేను మొదట అడిగేది షెడ్డు ఏ దిక్కున ఉందని.

మూడోది గోడ. షెడ్డు పైన ఉన్న గోడ ముఖానికి తగిలిన వాన మొత్తం జారుతూ ఆ సందు దగ్గరికే వస్తుంది. అంటే ఆ సందు రేకుల నీటినే కాదు, గోడ నీటిని కూడా తట్టుకోవాలి.

ఎంత నీరు అని అడగవచ్చు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న షెడ్డు కప్పు సుమారు 56 చదరపు మీటర్లు. 5 సెంటీమీటర్ల వానకు దాని మీద 2,800 లీటర్లు పడతాయి. 2023 జూలై 25 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో మన జిల్లా వేల్పూర్‌లో 46 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అంతటి వానలో అదే షెడ్డు మీద 25 వేల లీటర్లు దాటి పడినట్టు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు అయిదు. వందలో ఒక వంతు లోపలికి వచ్చినా 250 లీటర్లు, అదీ ఒకే గోడ వెంట, ఒకే వరుస బస్తాల మీద.

గోడపట్టీ ఏం చేస్తుంది

మన పాత గూనపెంకుల ఇళ్లలో ఎవరూ ఏ గమ్మూ పూయలేదు. పై పెంకు కింది పెంకు మీదికి వచ్చేటట్టు పేర్చారు. గడ్డి కప్పయినా అంతే, పై వరుస కింది వరుసను కప్పుతుంది. నీరు ఎప్పుడూ పై దాని మీది నుంచి కింది దాని మీదికి జారుతుంది, మధ్యలో సందు ఉన్నా అందులోకి పోదు. గోడపట్టీ చేసేది ఇదే పని. గోడ మీది నీటిని పట్టుకుని, సందును దాటించి, రేకు మీదికి వదులుతుంది. అతికించడం మీద కాదు, కప్పడం మీద ఆధారపడుతుంది కాబట్టి రేకు 3 మిల్లీమీటర్లు కదిలినా దానికి నష్టం లేదు.

పట్టీని వంచే పని రేకుల షాపుల్లో, ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపుల్లో చేసి ఇస్తారు. మీరు కొలతలు చెప్పాలి. చెప్పకపోతే మూడు నాలుగు అంగుళాల పట్టీ ఇచ్చి పంపుతారు. అది గాలివానకు చాలదు.

గోడ మీద పైకి కనీసం 6 అంగుళాలు, రేకుల మీదికి కనీసం 6 అంగుళాలు ఉండాలి. పడమర, నైరుతి వైపు గోడ అయితే రేకుల మీదికి 8 అంగుళాలు అడగండి. పై అంచున ఒక అంగుళం మడత గోడలోకి పోవడానికి, కింది అంచున అర అంగుళం కిందికి వంపు నీరు బొట్టుబొట్టుగా రాలిపోవడానికి. ఆ చిన్న వంపు లేకపోతే నీరు పట్టీ అడుగు పట్టుకుని మళ్లీ వెనక్కి పాకుతుంది. జీఐ రేకు అయితే అర మిల్లీమీటరు మందం ఉండాలి. అంతకంటే పలచనిది గాలికి కొట్టుకుని చప్పుడు చేస్తుంది, స్క్రూల దగ్గర చిరుగుతుంది.

బిగించే పద్ధతి

రేకుల పైకొస నుంచి 6 అంగుళాల ఎత్తులో గోడకు నూలు తాడుతో గీత కొట్టించండి. ఆ గీత మీద కటింగ్ మిషన్‌తో ఒక అంగుళం లోతు గాడి కోయించాలి. పైపూత వరకే కోస్తే సరిపోదు, ఇటుకలోకి దిగాలి. ఎందుకంటే పైపూత గోడ నుంచి విడిపోయి ఉంటే నీరు పూత వెనకగా జారి పట్టీ వెనక్కి వచ్చేస్తుంది. గాడిలో దుమ్ము ఊది, తడిపి, పట్టీ పై మడతను అందులోకి దూర్చి, అడుగున్నరకు ఒక చోట చిన్న చీలలతో బిగువు చేసి, ఆ తర్వాతే గాడిని మూయాలి. మూయడానికి సిలికాన్ గమ్ అయితే గాడి పూర్తిగా ఆరాక పూయాలి. సిమెంటు అయితే సన్న ఇసుకతో కలిపి నింపి, రెండు రోజులు నీళ్లు చల్లాలి. ఇక్కడ సిమెంటు నిలుస్తుంది, ఎందుకంటే పట్టీ పై అంచు గోడతోపాటే ఉంటుంది, రేకుతో కదలదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. పట్టీని గోడకూ, రేకుకూ రెండింటికీ గట్టిగా బిగించకండి. అలా చేస్తే సిమెంటు పూతకు పట్టిన గతే పడుతుంది, కాకపోతే ఈసారి స్క్రూ బొక్క వెడల్పవుతుంది. 15 అడుగులు దాటిన పొడవైన ఇనుప రేకులకు రెండు ముక్కల పద్ధతి మంచిది. కింది ముక్క రేకులకు బిగించి గోడ పక్కన ఊరికే నిలబడుతుంది. పై ముక్క గోడ గాడిలోంచి వచ్చి కింది ముక్కను మూడు నాలుగు అంగుళాలు కప్పుతుంది. చొక్కా ప్యాంటు మీదికి వచ్చినట్టు. రేకు కదిలితే కింది ముక్క పై ముక్క చాటున జారుతుంది, అంతే. ఖర్చు కొంత పెరుగుతుంది, కానీ నేను చూసిన వాటిలో ఏళ్ల తరబడి మళ్లీ చెయ్యి పెట్టనవసరం లేకుండా ఉన్నవి ఇవే. చిన్న షెడ్లకు ఒకే ముక్క చాలు, అయితే రేకు వైపు స్క్రూలు తక్కువగా, రెండు అడుగులకు ఒకటి చొప్పున వేసి, స్క్రూ బొక్కను కొంచెం పొడవుగా చేయించండి, మీద వెడల్పాటి రబ్బరు వాషర్ వేయించండి.

స్క్రూలు రేకు ఎత్తు మీదే పడాలి, పల్లంలో కాదు. నీరు పారేది పల్లంలో. ఇది అందరికీ తెలిసిందే, అయినా తొందరలో మేస్త్రి దగ్గర కుర్రవాళ్లు పల్లంలో కొట్టేస్తుంటారు. పని జరిగేటప్పుడు దగ్గర ఉండండి.

పట్టీ ముక్కలు ఒకదాని మీద ఒకటి 6 అంగుళాలు ఎక్కాలి. గోడ వాలు వెంట నడిచేచోట, అంటే షెడ్డు పక్క గోడ దగ్గర, కింది చూరు నుంచి మొదలుపెట్టి పైకి వేసుకుంటూ పోవాలి. పై ముక్క కింది ముక్క మీదికి రావాలి. ఈ పక్క పట్టీ రేకు ఎత్తులు ఒకటిన్నర అయినా కప్పాలి, మొదటి పల్లం దగ్గరే ఆపితే ఆ పల్లం నిండినప్పుడు నీరు గోడ వైపు పొర్లుతుంది.

పట్టీ చదునుగా ఉంటుంది, రేకు అలలుగా ఉంటుంది. కాబట్టి ప్రతి పల్లం దగ్గరా పట్టీ కింద చిన్న గుహలాంటి ఖాళీ మిగులుతుంది. అందులోంచి గాలివాన జల్లు, ఉడుతలు, పిచ్చుకలు, ఎలుకలు అన్నీ వస్తాయి. పట్టీ కింది అంచును రేకు అలల ఆకారానికి కత్తిరించి వంచడం ఒక పద్ధతి. రేకు ఆకారంలోనే కోసిన ఫోమ్ ముక్కలు షాపుల్లో దొరుకుతాయి, అవి పెట్టడం ఇంకో పద్ధతి. సిమెంటు రేకులకైతే అదే అలలతో పోతపోసిన ఏప్రాన్ పీసు వస్తుంది. దొరికితే అదే తీసుకోండి. పాత చీర గుడ్డ, గోనె పట్టా కుక్కడం మాత్రం వద్దు. అవి నీరు పట్టుకుని రేకును, గోడను రెండింటినీ తినేస్తాయి.

సిమెంటు రేకుల గురించి ఒక హెచ్చరిక. వాటిలో చాలావరకు ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పొడిగా ఉన్న రేకును కటింగ్ మిషన్‌తో కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం, ఆ జబ్బులు ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత బయటపడతాయి. కోయక తప్పకపోతే బాగా తడిపి, చేతి రంపంతో, బయట, ముక్కుకు మంచి మాస్కు కట్టుకుని కోయాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వవద్దు. ఇంకొకటి, పాత సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టకండి. పైకి గట్టిగానే ఉంటుంది, ఒక్కసారిగా విరుగుతుంది. అడ్డ పైపుల మీద ఆనేటట్టు చెక్క పలకలు వేసుకుని వాటి మీదే నడవాలి. కరెంటు సర్వీసు వైరు షెడ్డు మీదుగా పోతుంటే పని అయ్యేదాకా సరఫరా ఆపించండి. తడి చేతుల్లో ఇనుప రేకు పట్టుకుని వైరు కింద పనిచేయడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర లేదు.

పట్టీని త్వరగా తినేసేవి

రైతు షెడ్డుకూ మామూలు ఇంటికీ ఒక తేడా ఉంది. మనం అదే షెడ్డులో యూరియా, పొటాష్, డీఏపీ పెడతాం. ఎరువు దుమ్ము గాలిలోని తేమ పీల్చుకుని రేకు అడుగున అంటుకుంటే జీఐ పూతను తినేస్తుంది. ఎరువుల బస్తాలు పెట్టిన మూలలో రేకు అంచులు, స్క్రూలు ముందుగా తుప్పు పట్టడం మీరూ గమనించి ఉంటారు. ఎరువులను విత్తనం, పసుపు ఉన్న షెడ్డులో పెట్టకూడదని మేం చెప్పే కారణాల్లో ఇదీ ఒకటి. పెట్టక తప్పకపోతే పట్టీ ఉన్న గోడకు దూరంగా, చినుగు లేని సంచుల్లో పెట్టండి.

అల్యూమినియం పట్టీ తుప్పు పట్టదని కొందరు తెస్తారు. నిజమే, కానీ తడి సిమెంటు అల్యూమినియాన్ని కొరుకుతుంది. గాడిని సిమెంటుతో మూసేటట్టయితే జీఐ పట్టీయే వేయండి. ఎర్తింగ్ రాగి తీగను ఇనుప రేకుకు ఆనించి దించడం కూడా చూస్తుంటాను. రాగి తగిలినచోట, దాని మీది నీరు జారినచోట జీఐ పూత త్వరగా పోతుంది.

గోడ, రేకు కలిసేచోటే కాదు

రెండు వాలులు పైన కలిసే నడికొప్పు మీద టోపీ రేకు ఉంటుంది. అది రెండు వైపులా 6 అంగుళాలకు తక్కువ కప్పకూడదు. గాలి ఎక్కువ కొట్టే మైదానంలో షెడ్డు ఉంటే ఇంకాస్త ఎక్కువ.

రెండు కప్పులు లోపలికి వాలి కలిసే లోయ ఉంటే అక్కడ రెండు కప్పుల నీరూ ఒకే కాలువలోకి వస్తుంది. ఆ కాలువ రేకు కనీసం అడుగున్నర వెడల్పు ఉండాలి, చెట్టు ఆకులు నిండకుండా వానకు ముందు ఊడ్చాలి. వీలైతే అసలు లోయ లేకుండా షెడ్డు వేసుకోవడమే మేలు. ఇంటి పక్కన వేప చెట్టు ఉన్నవాళ్లకు ఈ మాట రెండుసార్లు చెబుతాను.

చాలామంది పట్టించుకోని తప్పు ఇంకొకటి ఉంది. ఇంటి స్లాబు నీటి పైపు నేరుగా కింది షెడ్డు రేకుల మీదికి వదిలి ఉంటుంది. స్లాబు నీరంతా ఒకే చోట దూకితే ఎంత మంచి పట్టీ అయినా ఆగదు. ఆ పైపును ఒక ఎల్బో పెట్టి నేలదాకా దించండి. పది నిమిషాల పని.

పొగగొట్టం, సోలార్ ప్యానెల్ కాళ్లు, కేబుల్ పైపు, ఇలా కప్పును పొడుచుకుని బయటికి వచ్చే ప్రతిదాని చుట్టూ ఇదే సూత్రం. పై వైపు పట్టీ రేకు కిందికి, కింది వైపు పట్టీ రేకు మీదికి. చాలాచోట్ల నాలుగు వైపులా రేకు మీదే అతికించి గమ్ పూస్తారు. పై వైపు నీరు దాని వెనక ఆగి లోపలికి దిగుతుంది.

స్లాబు ఇళ్లలో రేకు పట్టీ ఉండదు. స్లాబు, పిట్టగోడ కలిసే మూలలో సిమెంటుతో గుండ్రంగా గోలా తీయిస్తారు, పని అదే. మూల చదరంగా వదిలేస్తే నీరు నిలిచి గోడలోకి పోతుంది. స్లాబు మీద వేసే వాటర్‌ప్రూఫ్ పూతను గోలా మీదుగా పిట్టగోడ ఎక్కించి కనీసం 6 అంగుళాల దాకా తీసుకెళ్లాలి. స్లాబు వరకే పూసి ఆపితే డబ్బు వృథా.

కొత్తగా రేకులు వేయించేవారికి ఇంకొక మాట. రేకులను తూర్పు కొస నుంచి మొదలుపెట్టి పడమరకు వేసుకుంటూ పోతే, ప్రతి రేకు అంచు గాలికి వెనక వైపు తెరుచుకుని ఉంటుంది. తలకిందులుగా వేస్తే పడమటి గాలి ప్రతి అంచు కిందా వాన దూరుస్తుంది. వాలు అయిదు అడుగులకు ఒక అడుగు అయినా ఉండాలి.

ఎక్కడ ఉరుస్తుందో కనిపెట్టడం

నీరు కింద పడిన చోటికి నేరుగా పైన సందు ఉండాలని లేదు. అడ్డ పైపు వెంట పాకి నాలుగు అడుగుల దూరంలో రాలుతుంది. కాబట్టి ఊహించి తారు పూయడం మాని పరీక్ష చేయండి. ఇద్దరు కావాలి. ఒకరు లోపల టార్చిలైటుతో, ఒకరు పైన మోటారు పైపుతో. నీళ్లు ముందు కింది చూరు దగ్గర పది నిమిషాలు పోయాలి, తర్వాత మధ్యన, తర్వాత గోడ సందు దగ్గర, చివరన గోడ ముఖం మీద. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి ఎక్కడ వచ్చిందో తెలియదు. లోపలి మనిషి మొదటి బొట్టు కనిపించిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. సందు దగ్గర పోసినప్పుడు రాక, గోడ ముఖం మీద పోసినప్పుడు వస్తే, తప్పు పట్టీది కాదు, పైగోడ పూతది. ఆ తేడా తెలియక పట్టీని రెండుసార్లు మార్పించినవారు ఉన్నారు.

ఈ పనికి సరైన సమయం రోహిణి కార్తెలో ఉదయం పూట. బస్తాలు ముందుగా పక్కకు జరపండి. మృగశిర చినుకులు మొదలయ్యాక మేస్త్రీలు దొరకరు, దొరికినా తడి గోడ మీద గమ్ అంటదు.

వానాకాలం మధ్యలో ఉరిస్తే

అప్పటికప్పుడు గోడపట్టీ వేయించలేకపోతే సందు మీద మందపాటి టార్పాలిన్‌ను గోడ పై నుంచి వేలాడదీసి రేకుల మీదికి మూడు అడుగులు వచ్చేటట్టు, కింద ఇసుక సంచులతో ఆపండి. అందంగా ఉండదు, కానీ కప్పుతుంది. లోపల బస్తాలను గోడ నుంచి రెండున్నర అడుగులు జరిపి, చెక్క బల్లల మీద పేర్చండి. గోడకూ బస్తాలకూ మధ్య మనిషి నడిచే దారి ఉంటే తడి అదే రోజు కంటబడుతుంది. గోడకు ఆనించి పేరిస్తే తడి సంగతి బస్తా విప్పినప్పుడే తెలుస్తుంది.

తడిసిన బస్తాలను పొడి వాటితో కలపకండి. టార్పాలిన్ కప్పి ఉంచకండి, లోపల ఉడికి ఇంకా చెడిపోతాయి. విప్పి పలచగా ఆరబెట్టాలి. వడ్లు దీర్ఘకాలం నిల్వకు 12 శాతం తేమకు రావాలి, విత్తన వడ్లు 13 శాతం మించకూడదు. సోయా విత్తనం 12 శాతం లోపు. పసుపు కాడి, గోళ రెండూ 10 శాతం లోపు ఉండాలి. కాడి విరిస్తే లోహం చప్పుడు రావాలి, వంగితే తేమ ఉన్నట్టు. బూజు పట్టిన మొక్కజొన్న, పసుపును కడిగి ఆరబెట్టి కలిపేద్దామనుకోకండి. కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని విడుస్తాయి, అది కడిగినా, ఎండబెట్టినా పోదు. పశువులకు పెట్టినా ప్రమాదమే.

విత్తనం తడిసిందన్న అనుమానం ఉంటే విత్తే ముందు మొలక పరీక్ష తప్పదు. ఆ వరుస బస్తాల నుంచి విడిగా వంద గింజలు తీసి, తడిపిన గోనె గుడ్డలో వరుసగా పరిచి చుట్టి, నీడలో పెట్టి, రోజూ తడుపుతూ ఉండండి. సోయాలో వారానికి 70 గింజలు మొలవాలి. సోయా గింజ పైపొర పలచన, మిగతా పంటల కంటే త్వరగా మొలక శక్తి కోల్పోతుంది. వడ్లలో అయితే 80 మొలవాలి, రెండు వారాలు ఆగి లెక్కించండి. లెక్క తగ్గితే ఆ బస్తాలను విత్తనానికి వాడకండి. బూజు లేకుంటే అమ్ముకోవచ్చు.

మొదట చెప్పిన బోధన్ రైతు ఆ ఏడాది సగం చేనుకు మళ్లీ విత్తనం కొన్నారు. మరుసటి మే నెలలో రెండు ముక్కల పట్టీ వేయించి, స్లాబు పైపు నేలకు దించారు. కొలతలు కాగితం మీద రాసివ్వమని అడిగితే రాసిచ్చాను: గోడ మీద 6, రేకు మీద 8, ముక్క మీద ముక్క 6, గాడి లోతు 1, అన్నీ అంగుళాల్లో. మీరు షాపుకు వెళ్లేటప్పుడు ఈ నాలుగు అంకెలు రాసుకుని, గోడ పొడవు అడుగుల్లో కొలిచి తీసుకెళ్లండి. ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కడానికి ప్రతి 8 అడుగులకు అర అడుగు అదనంగా కలుపుకోండి.